మాట తెగిన తర్వాత

గన్నవరం నుంచి బండి మీద తిరిగి వస్తుంటే ఇసుకలో చక్రం జారింది. నడుపుతున్న మా ఆయనకు మోచేతులు గీసుకుపోయాయి. వెనక కూర్చున్న నాకు తల ఎడమవైపు రోడ్డుకు కొట్టుకుంది. ఆసుపత్రిలో మెలకువ వచ్చాక ఎదుటివాళ్ల మాటలన్నీ అర్థమవుతున్నాయి, నావే నోటిదాకా రావడం లేదు. హైస్కూల్లో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినదాన్ని, గ్లాసు చూపిస్తే ‘నీళ్లు’ అనలేకపోయాను.

పటమటలో ఇంటికి వచ్చాక చాలామంది చూడడానికి వచ్చారు. చర్చివాళ్లు ప్రార్థన చేసి వెళ్లారు. “ఇప్పుడెలా ఉందండీ?” అని అందరూ మా ఆయన్నే అడిగేవారు. నేను ఆ పక్కనే కూర్చుని ఉండేదాన్ని. ఆయన కూడా నా బదులు చెప్పేసేవారు, ప్రేమతోనే. నేను జవాబు కూడదీసుకునేలోపు మాట ఇంకెక్కడికో వెళ్లిపోయేది. కొన్నాళ్లకు ప్రయత్నించడం మానేశాను. రావడం వాళ్లూ తగ్గించారు.

తర్వాత ఓసారి డాక్టరుగారు స్కాన్ చూపిస్తూ మా ఆయనతో అన్నారు. “దెబ్బ తగిలిన చోట నరాల పోగులు తెగుతాయండీ. చుట్టూ ఉన్న సహాయక కణాలు అక్కడ చేరి మచ్చ కడతాయి. వాపు మిగతా మెదడుకు పాకకుండా ఆపేది ఆ మచ్చే. తెగిన పోగులు మళ్లీ పెరగబోతే అడ్డం పడేదీ అదే.”

ఆ కణాల గురించి పిల్లలకు నేను ఒక్క వాక్యం చెప్పి వదిలేసేదాన్ని.

“తీ... తీసేస్తే?” అన్నాను.

డాక్టరుగారు కుర్చీ నావైపు తిప్పుకున్నారు. “దెబ్బ ఇంకా పెద్దదవుతుందమ్మా. పైగా ఆ కణాల్లో కొన్ని పోగులు పెరగడానికి సాయపడతాయని కూడా అంటున్నారు. దేన్ని ఆపాలో, దేన్ని ఉంచాలో మాకింకా పూర్తిగా తెలీదు. మెదడులో పాడవని భాగాలకే మాటలు కొత్తగా నేర్పించుకోవాలి. మీరు మాట్లాడుతూ ఉండాలి.”

“ఎవ...రితో?”

మా ఆయన తల దించుకున్నారు. ఆటోలో వస్తూ, “ఇకమీదట నువ్వు చెప్పేదాకా నేను ఆగుతాలే,” అన్నారు. ఆగేవారు, కొన్ని రోజులు మాత్రం మరిచిపోయేవారు.

ఒక సాయంత్రం రైతు బజారుకు ఒక్కదాన్నే వెళ్లాను. బెండకాయలు కావాలి. ఆ మాట ఎంతకీ రాలేదు. కూరలమ్మే ఆవిడ తక్కెడ కింద పెట్టి, “నిదానంగా చెప్పండమ్మా,” అంది. “దొండకాయలు,” అని వచ్చింది. తూచి ఇచ్చింది. నేను సరిదిద్దలేదు.

ఇంటికొచ్చాక సంచీ చూసి మా ఆయన, “నువ్వు దొండకాయలు తినవుగా?” అన్నారు.

“నేనే... అడిగాను,” అన్నాను.

ఆ రాత్రి వాటినే వేయించుకుని తిన్నాం.