స్కాపా ఫ్లో ఉక్కు, అంతర్వేది ఇసుక

2022 జనవరిలో నేను దుబాయ్ అల్ కుసైస్‌లోని ఒక చిన్న ప్రైవేటు ప్రయోగశాలలో సీనియర్ హెల్త్ ఫిజిసిస్టుగా పనిచేస్తున్నాను. ఇండియాలో ప్రభుత్వ కొలువు నుంచి రిటైరయ్యాక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, మా ఆవిడే విసిగిపోయి వెళ్ళమన్న రెండో ఉద్యోగం అది. మా పని మనుషుల్ని కొలవడం. రేడియేషన్ ఉండే చోట పనిచేయబోయేవాళ్ళ ఒంట్లో అప్పటికే రేడియోధార్మిక పదార్థమేమైనా ఉందా అని చేరేముందు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి చూసి కాగితం ఇస్తాం. దీన్ని హోల్ బాడీ కౌంటింగ్ అంటారు. మనిషిని ఉక్కు గదిలో పడుకోబెట్టి, పైనున్న డిటెక్టర్‌తో అరగంటసేపు ఒంట్లోంచి వచ్చే గామా కిరణాల్ని లెక్కపెడతాం. అందరి ఒంట్లోనూ కొంత ఉంటుంది. తిండిలోంచి వచ్చే పొటాషియం కూడా తెరమీద కనిపిస్తుంది. ఉండకూడనిది కనిపిస్తేనే గొడవ.

ఆ ఉక్కు గది సంగతి చెప్పాలి. గోడలు జానెడుకు కాస్త తక్కువ మందం. యూరప్‌లో మూసేసిన ఒక ప్రయోగశాల నుంచి కొని, పలకలు పలకలుగా విప్పించి తెప్పించారు. కొత్త ఉక్కు ఎందుకు పనికిరాదంటే, 1945 తర్వాత అణుబాంబు పరీక్షల వల్ల గాలిలోకి రేడియోధార్మిక ధూళి చేరింది. ఉక్కు తయారీలో కొలిమిలోకి గాలి ఊదుతారు కాబట్టి ఆ ధూళి లోహంలోకీ పోయింది. వంతెనకో ఇంటి కడ్డీకో ఆ కాస్తతో ఇబ్బంది లేదు. మనిషి ఒంట్లోంచి వచ్చే సన్నటి సంకేతం వినాలంటే మాత్రం గోడలు నోరుమూసుకుని ఉండాలి. అందుకని 1945కు ముందు తయారైన ఉక్కు కోసం మా వృత్తివాళ్ళు మునిగిన ఓడల వెంట పడ్డారు.

వాటిలో పేరుపడ్డవి మొదటి ప్రపంచ యుద్ధపు జర్మన్ నౌకలు. యుద్ధం ఆగాక, శాంతి ఒప్పందం తేలేదాకా డెబ్బై నాలుగు నౌకల్ని స్కాట్లాండ్‌కు ఉత్తరాన స్కాపా ఫ్లో అనే రేవులో బ్రిటిష్ కాపలాలో ఉంచారు. అవి శత్రువు చేతికి పోతాయన్న భయంతో 1919 జూన్ 21న జర్మన్ అడ్మిరల్ వాటిని ముంచేయమని ఆజ్ఞ ఇచ్చాడు. కాపలా నౌకలు ఆ పొద్దునే విన్యాసాలకని బయటికి వెళ్ళాయి. సిబ్బంది నీటి వాల్వులు తెరిచి, మళ్ళీ ఎవరూ మూయకుండా వాటి పిడుల్ని సముద్రంలోకి విసిరేశారు. విహారానికి పడవెక్కిన బడిపిల్లలు కళ్ళముందే నౌకలు ఒరిగిపోతుంటే చూశారు. యాభై రెండు మునిగాయి. మనవాళ్ళకు పనికొచ్చే ముచ్చట ఒకటుంది. ఆ రోజు అడ్మిరల్ ఉన్న నౌక పేరు ఎండెన్. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎండెన్ కాదు. అది ఆ ఏడే నాశనమైతే, దాని పేరు పెట్టుకున్న కొత్తది. అందర్నీ మునగమన్న ఆ నౌక తాను మాత్రం మునగలేదు, బ్రిటిష్‌వాళ్ళు ఒడ్డుకు లాక్కుపోయారు. మునిగినవాటిలో చాలా నౌకల్ని తర్వాత తుక్కు వ్యాపారులు లోపలికి గాలి కొట్టి, తలకిందులుగా పైకి తేల్చారు.

మా గది కాగితాల్లో 'స్కాపా ఫ్లో పలక' అనే రాసి ఉంది. ఈ వృత్తిలో పాత ఉక్కున్న ప్రతివాడూ అది జర్మన్ నౌకదేనంటాడు. అందరి మాటా నిజమైతే ఆ నౌకాదళం ఇంకో పదింతలు ఉండి ఉండాలి. నేను నమ్మింది కాగితాన్ని కాదు, రోజూ పొద్దున ఖాళీ గదిలో తీసే బ్యాక్‌గ్రౌండ్ కొలతని. అందులో గీత ఎంత కిందికుంటే గది అంత మంచిది. మాది నేలకు అంటుకున్నట్టుండేది.

ఆ నెలలోనే సత్తిబాబు వచ్చాడు. టిగ్ వెల్డరు, ముప్పై ఆరేళ్ళు, అంతర్వేది పక్కన సముద్రపొడ్డు ఊరు. తొమ్మిదేళ్ళుగా రాస్ అల్ ఖైమాలో పని. అబూధాబి వైపు రేడియేషన్ నియంత్రణ ఉన్న ఒక ప్లాంటులో ఉద్యోగం కుదిరింది, మా కాగితం ఒక్కటే మిగిలింది. అతని భార్య మంగ ఆ అబూధాబి పక్కనే బనియాస్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఒకే దేశంలో ఉండి ఐదేళ్ళుగా నెలకోసారి పార్కులో కలుసుకునే మొగుడూపెళ్ళాలు. ఈ ఉద్యోగమొస్తే బనియాస్‌లోనే గది తీసుకుని కలిసి ఉండొచ్చు. నేను కాకినాడవాణ్ణని తెలిసిన ఐదు నిమిషాల్లో ఇదంతా చెప్పేశాడు.

గదిలోకి వెళ్ళగానే గోడ తడిమి, "ఇది వెల్డింగు కాదండి, బోల్టుల పని" అన్నాడు. నౌకల కథ క్లుప్తంగా చెప్పాను. "ఆయ్, ఎవరి పడవని ఆళ్ళే ముంచుకుంటారేటండీ? మా ఇంట్లో వల చినిగితేనే నాలుగు రోజులు అన్నం దిగదు" అని నిజంగానే నొచ్చుకున్నాడు.

మా టెక్నీషియన్ రీనా, కేరళ అమ్మాయి, నియమం ప్రకారం స్నానం చేయించి, కాగితపు గౌను తొడుక్కోమని ఇచ్చి, గోడమీద జాబితా హిందీలో చదివింది. వాచీ, ఉంగరం, గొలుసు, బెల్టు, మొబైల్, అన్నీ తీసెయ్. అతను తీసేశాడు. అరగంట తర్వాత తెరమీద థోరియం ఆనవాలు లేచింది. థోరియం సహజంగా దొరికే రేడియోధార్మిక లోహం. తెరమీద అది ఒక ప్రత్యేకమైన చోట శిఖరంలా నిలబడుతుంది, పొరపడే వీలు లేదు.

దానికి కారణం కూడా చేతికందేటంత దగ్గర్లో ఉంది. టిగ్ వెల్డింగులో వాడే ఎర్ర మొన టంగ్‌స్టన్ కడ్డీలో కొద్దిగా థోరియం కలుపుతారు. మొన సాన పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోకపోతే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తొమ్మిదేళ్ళు సాన పట్టినవాడు. మా ముదీర్, అంటే మేనేజరు, తెర చూసి, "ఖలాస్, పాజిటివ్ అని రాసి పంపెయ్" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. ఆ కాగితం వెళ్తే ఆ ప్లాంటు గేటే కాదు, ఇంకే ప్లాంటు గేటూ సత్తిబాబుకి తెరుచుకోదు. శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువు అడిగాను. నసుగుతూనే ఇచ్చాడు.

ముందు గదిని అనుమానించాను. ఖాళీగా కొలిస్తే గీత మళ్ళీ నేలకంటుకుంది, ఉక్కు నిర్దోషి. మర్నాడు సత్తిబాబుకి మళ్ళీ స్నానం, మళ్ళీ కొత్త గౌను, మళ్ళీ అదే శిఖరం. అప్పుడు డిటెక్టర్‌ని ఛాతీ మీద ఒకసారి, పొట్ట మీద ఒకసారి పెట్టి విడివిడిగా కొలిచాను. ఊపిరితిత్తుల్లో పొడి ఉంటే ఛాతీ దగ్గర ఎక్కువ రావాలి. ఇక్కడ బొడ్డు దగ్గర ఎక్కువొచ్చింది. "మింగేశాడేమో సార్" అంది రీనా. నడుముకేమైనా ఉందా అని నేనే తెలుగులో అడిగాను. ఏం లేదండీ అన్నాడు. నమ్మాను. అతని ముఖం అప్పటికే వాడిపోయింది. మంగకి ఏం చెప్పాలో తెలియక ఫోను ఎత్తడం మానేశానన్నాడు.

శుక్రవారం పొద్దున కాగితం మీద మనిషి బొమ్మ గీసి, బొడ్డు దగ్గర గుండ్రం చుట్టి కూర్చున్నాను. ఆలోచిస్తూ అలవాటుగా బెల్టు కిందికి చెయ్యి పోనిచ్చి మొలతాడు సరిచేసుకున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మూడో కొలతకని సత్తిబాబు వచ్చి కూర్చున్న, బట్టలు మార్చుకునే గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాను. మొలతాడు ఉందా సత్తిబాబూ అన్నాను.

"అది లేకుండా ఎలాగుంటదండీ? మగాణ్ణి కదండీ! మీరడిగింది దీన్నని అనుకోలేదండి."

"దానికేమైనా కట్టావా?"

"మా అమ్మ ఇసకండి."

వాళ్ళింట్లో ఎవరు సముద్రం దాటినా తమ ఒడ్డు ఇసుక గుడ్డలో మూటకట్టి మొలతాటికి కుడతారట, ఆ ఒడ్డుకే తిరిగి రావాలని. వాళ్ళమ్మ అలలు సర్దిపెట్టిన నల్ల చారలోంచి తీసిందట, ఆ ఇసుకే బరువు, మనిషిని వెనక్కి లాగేది అదేనని. ఆ చారలోనే థోరియం ఉన్న మోనజైట్ గింజలు చేరతాయి. మన తూర్పు తీరంలో అది కొత్త సంగతి కాదు; చదువుకునే రోజుల్లో ఆ ఇసుక నేనే కొలిచాను. అక్కడే బల్లమీద కూలబడి నవ్వాను. నవ్వెందుకో తెలియక అతను భయపడ్డాడు.

ఇక విప్పాలి. అతను ఒప్పుకోలేదు. "పేణం పోయినోడికి తీత్తారండీ అది" అన్నాడు. ఆ మాట మా ఇంట్లోనూ ఉన్నదే, వాదించలేదు. రోడ్డవతల తెలుగువాళ్ళ కొట్టుకెళ్ళి నల్ల తాడు కొనుక్కొచ్చాను. ముందు కొత్తది కట్టించి, ఆ తర్వాతే పాతది విప్పించాను. నడుము ఒక్క క్షణం కూడా బోసిగా లేదు. తలుపవతల రీనా, లోపల ఏమైనా పూజ జరుగుతోందా అని అడిగింది.

మళ్ళీ కొలిచాం. పొటాషియం తప్ప ఏమీ లేదు. తర్వాత మూటని ఒక్కదాన్నే పరుపు మీద పెట్టి తలుపేశాం. సత్తిబాబు నా పక్కన నిలబడి తెర చూస్తున్నాడు. శిఖరం మెల్లమెల్లగా లేచింది. "అది మా ఊరేనా అండీ?" అన్నాడు. అవునన్నాను. ఇంత చిటికెడుతో ఒంటికేం కాదని కూడా చెప్పాను. అతను చాలాసేపు తెరమీంచి కళ్ళు తిప్పలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

రిపోర్టులో నెగెటివ్ అని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాను: మొదటి రెండు కొలతల్లో దుస్తుల తనిఖీ అసంపూర్ణం, బాధ్యత నాది. ముదీర్ ఆ వాక్యం కొట్టేయమన్నాడు. నేను వినకపోతే సంతకం పెట్టి, సత్తిబాబు భుజం తట్టి అభినందనగా మబ్రూక్ అన్నాడు.

మరుసటి ఏడు వార్షిక కొలతకి సత్తిబాబు ఒక్కడే రాలేదు. బయట కుర్చీలో మంగ కూర్చుంది. ఆమె గుప్పిట్లో ఆ మూట ఉంది. అతను లోపలున్న అరగంటా గుప్పిట విప్పలేదు. బనియాస్‌లో గది తీసుకుని పది నెలలైందనీ, ఈసారి మా ఇంటికి భోజనానికి రావాలనీ చెప్పింది. వెళ్ళాను. రొయ్యల ఇగురు చేసింది.

ఆ ఏడాది చివర్లో నేను రెండోసారి రిటైరయ్యాను. గోడమీది జాబితాలో మొబైల్ తర్వాత నేను చేర్పించిన వరస ఒకటి ఉంది: నడుముకు దారం ఉందా, దానికేమైనా కట్టారా? రీనా దాన్ని హిందీలోనూ మలయాళంలోనూ చదువుతుంది. యంత్రం ఎంత ఉందో చెబుతుంది, ఎక్కడిదో మనిషినే అడగాలి. అడిగేవాడు తనలాంటివాణ్ణే అడుగుతున్నప్పుడు, ముందు తన నడుము తడుముకోవాలి.