దెబోరా దిగిపోయిన చోటు

అమెరికాలోని అరోరాలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్న రోజుల్లో, ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు దెబోరాకే ఫోన్ చేసేవారు. ఆమె నర్సు. నరసాపురం మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, డెబ్బై అయిదులో అమెరికా వచ్చింది. వచ్చినప్పటినుంచీ నైట్ డ్యూటీయే. ఆదివారం ఎవరింట్లో ప్రార్థన జరిగినా, ఆఖరి పాట అయ్యీ అవకముందే ఎవరో ఒకరు చొక్కా చెయ్యి పైకి మడిచి, బీపీ చూడమని పక్కకి వచ్చి కూర్చునేవారు. ఆమె ఎవరినీ కాదనేది కాదు.

భర్త ఏసుపాదం ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. వాళ్ళకి పిల్లలు లేరు. ఏడాదంతా బల్ల మీద వంగి గీతలు గీసే ఆ మనిషికి వేసవి వచ్చిందంటే కొండలూ లోయలూ చూడాలి. పొద్దున ఒక ఊళ్ళో లేస్తే సాయంత్రానికి ఇంకో రాష్ట్రం. దెబోరా పులిహోర కలిపి, కూలర్‌లో పెరుగు సర్ది, పక్క సీట్లో కూర్చునేది. సగం అమెరికాని ఆమె కునుకుపాట్ల మధ్యే చూసింది. “అటు చూడు, అటు చూడు” అని ఆయన అంటూ ఉండేవాడు. కళ్ళు తెరవకుండానే ఊఁ కొట్టేది.

ఎనభైమూడు జూన్‌లో వయోమింగ్ వైపు వెళ్ళారు. ఫ్లేమింగ్ గోర్జ్ దగ్గర ఎర్రటి రాతి గోడల మధ్య నది ఆనకట్ట వెనక పెద్ద సరస్సై నిలిచి ఉంది. గట్టు మీద ఫోటోలు తీసుకుని మట్టిరోడ్డు పట్టారు. కొంతదూరం పోయేసరికి రోడ్డు నిండా ఆవులు. దూడలు తల్లుల కోసం అరుస్తున్నాయి. దుమ్ము కారు అద్దాల్ని కప్పేసింది. వెనకనుంచి గుర్రం మీద వాటిని తోలుకొస్తున్న నడివయసు ఆడమనిషి, పేరు నార్మా, ఇవన్నీ దాటేసరికి చాలాసేపు పడుతుందని చెప్పి ముందుకి పోయింది.

దెబోరా కారు దిగి, సరస్సు ఒడ్డున ఒక రాయి మీద కూర్చుంది. మంద దాటిపోయింది. ఏసుపాదం హారన్ కొట్టాడు. ఆమె లేవలేదు. ఆయనే దిగి వచ్చాడు.

“మీరు వెళ్ళండి. నేనిక్కడే ఉంటాను” అంది.

“ఇక్కడా? ఎల్లోస్టోన్ పార్కులో రూమ్ బుక్ చేశాను కదా. ఇక్కడేముంది?”

“ఏమీ లేదనే ఉంటానంటున్నానండీ.”

కోపం లేదు ఆ గొంతులో. అదే ఆయన్ని భయపెట్టింది. వాళ్ళు రాకపోవడం చూసి నార్మా వెనక్కి వచ్చింది. వాళ్ళ తెలుగు మాట అర్థం కాకపోయినా దెబోరా ముఖం అర్థమైంది. తన ఇంటి దగ్గర చేపలు పట్టేవాళ్ళకి అద్దెకిచ్చే గది ఒకటి ఖాళీగా ఉందని చెప్పింది. ఏసుపాదం కాసేపు వాదించి, అలిగి, ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ గదిలో దెబోరా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచేసరికి గుమ్మం దగ్గర గిన్నెడు సూపు, రొట్టె ఉన్నాయి. ఏం పని చేస్తావని నార్మా అడిగితే నర్సునని చెప్పింది. ఇక ఏ నొప్పి సంగతి చెబుతుందోనని ఎదురుచూసింది. నార్మా మాత్రం, “అయితే ఇంకాస్త పడుకో” అని ఆవుల దగ్గరికి పోయింది.

మర్నాడు సాయంత్రం ఆవులు నీళ్ళకి దిగుతుంటే దెబోరా ఒడ్డున కూర్చుంది. ఉన్నట్టుండి ఏడుపు వచ్చింది. ప్రయాణానికి ముందు వారం వార్డులో ఒక ముసలాయన, ఆమెని తన కూతురనుకుని, చెయ్యి పట్టుకునే ప్రాణం విడిచాడు. ఆమె ఆ వేళ్ళు విడదీసుకుని, దుప్పటి కప్పి, పక్కగదిలో బెల్లు మోగితే వెళ్ళిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో తోచలేదు. ఆవులు తాగడం ఆపి ఆమెని చూసి, మళ్ళీ తలలు వంచుకున్నాయి.

ఏసుపాదం అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చాడు. గడ్డం మాసింది. ఎల్లోస్టోన్ ఎలా ఉందని ఆమె అడిగింది.

“బాగానే ఉంది. ‘అటు చూడు’ అని పక్కకి తిరిగితే సీటు ఖాళీగా ఉంది. నువ్వు నిద్రపోతున్నా చెప్పేవాణ్ణి కదా. ఈసారి నోరే రాలేదు.” కారు తాళాలు జేబులో వేసుకుని అడిగాడు, “అంత అలిసిపోయావా, దెబోరా?”

ఆమె తల ఊపింది.

తిరుగు ప్రయాణంలో నెబ్రాస్కా రాష్ట్రం పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. ముసలాయన సంగతి చెప్పింది, అంతకుముందు పోయినవాళ్ళ సంగతులు చెప్పింది. ఏసుపాదం రేడియో కట్టేసి విన్నాడు. హైవే దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయినా అలాగే నడుపుతూ పోయాడు.

ఆ తర్వాత కూడా మూడేళ్ళు నైట్ డ్యూటీ తప్పలేదు. అలసటా పూర్తిగా తీరలేదు. కానీ వేసవి వస్తే ఇద్దరూ నార్మా దగ్గరికే వెళ్ళేవారు, సెలవులన్నీ అక్కడే గడిపేవారు. మొదటి ఏడాది ఏసుపాదం కాలుగాలిన పిల్లిలా గట్టంతా తిరిగాడు. రెండో ఏడాదికి ఒక కుర్చీ కొని తెచ్చుకున్నాడు.