రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక బొంగు

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. దొడ్లోకి పిల్లి వస్తే పులి వచ్చిందని ఊరంతా చెప్పే రకం నేను. అయితే నా కోతలకూ ఒక నీతి ఉంది. అన్నిటినీ పదింతలే పెంచుతాను, ఒకదానికి ఎక్కువా ఒకదానికి తక్కువా చెయ్యను. పదితో భాగించుకుంటే నిజం మీ చేతికి వస్తుంది. దేన్నైనా దాని కొలతతోనే కొలవాలన్న ఈ తెలివి నాకు కోదాడ ముసలాయన ఒకరి దగ్గర అబ్బింది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లకు మళ్లీ తీగ చుట్టడం ఆయన పని.

పోలీసు యాక్షన్ తర్వాతి ఎండాకాలం. గొడుగు నీడ కూడా గొడుగు కిందికే దూరేంత ఎండ. సూర్యాపేటలో ఒక బియ్యం మిల్లులో కరెంటు పని చూసేవాణ్ని. ఇరవై మూడేళ్ల వయసు. మీటరు పెట్టె చంకలో లేకుండా భోజనానికి కూడా పోయేవాణ్ని కాదు కాబట్టి హమాలీలు నన్ను మీటరు సారు అనేవారు. ఆ మీటరు ముల్లు నాగటి కర్రంత ఉండేది.

మిల్లులో ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలడం లేదు. మిర్యాలగూడలో ఉండే మా సేటు, దానికి రెండింతల బలమున్న కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని, కోదాడ ముసలాయనతో తీగ చుట్టించి ఎడ్లబండి మీద పంపించాడు. ఏనుగంత ఉంది. దాన్ని పరీక్షించి చిన్నదాని పక్కన కలపాలి. ఇద్దరన్నదమ్ముల్లా రెండూ బరువు పంచుకోవాలి.

పరీక్ష ఇట్లా చేసేవాళ్లం. తక్కువ ఓల్టుల వైపు కొసలన్నీ ఒకచోట కట్టేసి, రెండో వైపు నుంచి ఉప్పునీళ్ల పీపా గుండా కొద్దికొద్దిగా కరెంటు వదలాలి. పీపాలోకి ఇనుప రేకు ఎంత దించితే అంత కరెంటు. చిన్నదానికి నాలుగున్నర ఆంపియర్లు పోయేసరికి మీటరు నూట అరవై ఐదు ఓల్టులు చూపించింది. పెద్దదానికీ ఆ నాలుగున్నరే పంపాను. ఎనభై దాటి కొంచెం, అంటే సగమే.

తీగ తగ్గితే ఓల్టులూ తగ్గుతాయి కాబట్టి, ముసలాయన తీగ తక్కువ చుట్టి రాగి మింగాడని తేల్చేశాను. ఆ పూటే సేటుకు ఉత్తరం రాశాను. సేటు గద్దె దగ్గర చేరే మిల్లు యజమానులందరూ దాన్ని చదివారు. మూడో రోజుకల్లా మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఆ మాట తెలియని గానుగెద్దు లేదు. రెండు మిల్లుల వాళ్లు బాగుచెయ్యమని ఇచ్చిన మోటార్లను ఆయన షెడ్డు నుంచి వెనక్కి తెచ్చుకున్నారు. ఆయనకు వేరే బతుకుతెరువు లేదు.

వారం తిరక్కుండా ముసలాయన వచ్చాడు. అదే రోజు సాయంత్రం సేటు కూడా వచ్చాడు. ముసలాయన పోట్లాటకు దిగలేదు. పరీక్ష ఎట్లా చేశారో చెప్పమన్నాడు. చెప్పాను. గొంతులో కొంత గర్వం కూడా ఉండి ఉంటుంది. ఆయన పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడే ఇద్దరు హమాలీలు నూనె పీపాను బొంగుకు కట్టి మోసుకొస్తున్నారు. ముందు కొండంత మనిషి, వెనక ఎండుకట్టె లాంటి తాత. తాడు బొంగుకు నడిమధ్యన లేదు, బాగా ఆ కొండమనిషి వైపు జరిగి ఉంది. నా నోరు ఊరుకోదు కదా, తాత నిన్ను మోసం చేస్తున్నాడని ఆ కొండమనిషిని ఎగదొయ్యబోయాను.

"మోసమేంది సారూ. తాడు నడుమ కడితే తాత గేటు కాడ్నే కూలవడ్తడు. గిట్ల కడితే ఇద్దరం ఒక్కపారే అలుస్తం. బరువు సమం గాదు, అలుపు సమం ఉండాలె."

ముసలాయన నా వైపు తిరిగాడు. "విన్నారుగా బాబూ. తాత మొయ్యగలిగిన బరువే ఆ పెద్దాడి నెత్తినా పెట్టి, వీడు సగమే అలిశాడు కాబట్టి వీడిలో ఏదో దోషముందన్నారు మీరు."

పెద్దదానికి దాని పూర్తి బలానికి తగ్గ కరెంటు, తొమ్మిది ఆంపియర్లు, పంపమన్నాడు. రేకు ఇంకా కిందికి దించాను. ముల్లు నూట అరవై ఐదు దగ్గర ఆగింది. మా లైను మూడువేల మూడువందల ఓల్టులది. ఆ లెక్కన నూటికి ఐదు. చిన్నదానికీ నూటికి ఐదే.

ఇంజనీర్లు దీన్నే పర్ యూనిట్ అంటారని ఆయన చెప్పాడు. ఏ యంత్రానికి ఆ యంత్రం పూర్తి సత్తువను ఒకటి అనుకోవాలి. తక్కినవన్నీ ఆ ఒకటిలో ఎన్నో వంతో చూడాలి. ఆ వంతులు సరిపోలిన రెండు యంత్రాలను పక్కపక్కన కలిపితే, ఎవరూ చెప్పకుండానే పెద్దది రెండు పాళ్లు, చిన్నది ఒక పాలు ఎత్తుకుంటాయి.

కలిపాము. సాయంత్రం దాకా మిల్లు ఆడింది. రెండింటి మీదా అరచేతులు పెట్టి చూశాను. ఒకటే వెచ్చదనం.

సంగతేమిటని సేటు అడిగాడు. అందరి ముందూ చెప్పేశాను: "తప్పు నాది సేటూ. ఆయన రాగి మింగలేదు, నేనే తప్పు కొలిచిన." ముసలాయన పని మంచిదేనని సేటు మిల్లుల వాళ్లందరికీ ఉత్తరాలు రాయించాడు. మోటార్లు తిరిగి కోదాడ షెడ్డుకు చేరాయి.

ఇప్పుడు లెక్క. ఎండనూ, ముల్లునూ, ఏనుగునూ పదితో భాగించుకోండి. బొంగు, ఉప్పునీళ్లు, మోటార్లు తిరిగి పోవడం, వీటిని భాగించే పని లేదు, ఉన్నవి ఉన్నట్టే. అల్లింది ఒక్కటే, సేటుతో నేను అన్నానని చెప్పిన మాట. సేటు అడిగినప్పుడు నేను మీటరు పెట్టె మూత బిగిస్తూ కూర్చున్నాను. ముసలాయన నన్ను ఒకసారి చూసి, "మీటరు ముల్లు పట్టేసింది సేటుగారూ, ఇప్పుడు సరయింది," అన్నాడు. సేటు నమ్మాడు. నేను నోరు విప్పలేదు. మర్నాడు బండెక్కేటప్పుడు కూడా ముసలాయన ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు నేను పలికింది సున్నా. సున్నాను పదింతలు చేసినా సున్నాయే. అందుకే దాన్ని పెంచలేక, అల్లాల్సి వచ్చింది.