బావ తెచ్చిన బొండాలు

మా తమ్ముడికి వారానికి మూడు రోజులు డయాలసిస్. స్టీల్ ప్లాంటులో పాతికేళ్ళు ఫర్నేసు దగ్గర నిలబడ్డ మనిషి, పోయిన వారం "ఇంక సాలక్కా, నన్నొగ్గీయండి" అన్నాడు. డాక్టరుకు చెప్పాం. ఒంటరిగా వదలొద్దన్నారు, మనసుకు కూడా మందు మొదలుపెట్టారు. అందుకే ఈ రోజు పక్కన నేనే కూర్చున్నాను.

సూదులు గుచ్చి మిషన్ పెట్టగానే, ఎలమంచిలి నుంచి మా మేనత్త కొడుకు అప్పలరాజు బావ రెండు కొబ్బరి బొండాలతో చూడటానికొచ్చాడు. కిడ్నీ రోగికి బొండాం ఇవ్వకూడదని బావకు తెలియదు, సరే. కానీ తమ్ముడు వింటుండగానే, "ఏటీ బతుకు? నానైతే ఈపాటికి ఎలిపోదును" అన్నాడు.

తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నేను గొంతు పెంచలేదు. "అలాగైతే ఆ కుర్చీలో కూకో బావా. ఎడం సెయ్యి కదపకు, నీళ్ళు తాగకు. ఈడి నాలుగ్గంటలూ అయ్యేదాకా లెగొద్దు."

పంతానికి కూర్చున్నాడు. అరగంటకే బొండాం వైపు చెయ్యి చాపాడు. రెండూ తీసి నా సంచిలో పెట్టేశాను.

"ఓలమ్మో, గొంతెండిపోతందే!"

తమ్ముడు ఫక్కున నవ్వాడు. "నాకింకా మూడున్నర గంటలుంది బావా!" ఎన్నాళ్ళకు విన్నానో ఆ నవ్వు.

ఇంటికొస్తూ, "ఎల్లుండి ఎన్నింటికక్కా?" అని తనే అడిగాడు.

సాయంత్రం దీపం పెట్టి, బావను క్షమించమని దేవుణ్ణి అడిగాను. నేను మాత్రం ఇంకా క్షమించలేదు. బొండాలు రెండూ నేనే తాగాను. మీ ఇంట్లో రోగి ముందు ఇలా మాట్లాడినవాళ్ళను మీరేం చేశారు?