బీరువాలో మెరిసిన కథల పుస్తకాలు

హొసకోటె దగ్గర నేను మొదట ఉద్యోగం చేసిన సర్కారు బడికి కొత్త గదులు కట్టారని పిలిస్తే, పోయిన వారం మోకాళ్ళ నొప్పి కూడా లెక్కచేయక బస్సెక్కి వెళ్ళాను. నున్నటి గచ్చు, గోడకు టీవీ లాంటి పెద్ద తెర, అన్నీ బాగున్నాయి. తెరమీద ప్లాస్టిక్ కవరు మాత్రం తీయలేదు; ఎందుకమ్మా అంటే, పిల్లలు గీతలు పెడతారని అక్కడి చిన్న టీచరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన కాలంలో, మీకూ గుర్తుండే ఉంటుంది, బడికి ఏదైనా రావడమే పండగ. నేను చేరిన ఏడే ట్రంకుపెట్టె నిండా బొమ్మల కథల పుస్తకాలొచ్చాయి. చిరిగితే పైవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాలని మా పెద్దమేడంకు భయం, పాపం మంచి మనిషే. నేనేమో ఒక్కొక్కదానికి అట్ట వేసి, కలరా ఉండలు పెట్టి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగేదాన్ని. అదో గొప్ప నాకు!

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బోర్డుమీది అక్షరాలు ముత్యాల్లా దించేది గానీ ఒక్క ముక్క చదవలేకపోయేది. ఎండాకాలం సెలవుల్లోపు చదవడం వస్తే సరి, లేకుంటే తనతోబాటు రోజాపూల తోటకు కూలికి తోలుకుపోతానని వాళ్ళమ్మ నాతో తేల్చి చెప్పింది. ఇంతలో తనిఖీ వచ్చింది, పుస్తకాలు బల్లమీద పరిచాం. ఆ పిల్ల ఒకటి తీసుకుని, బొమ్మ చూసి, కింది మాటను కూడబలుక్కుంటూ ఉంటే, చేతికి మట్టి ఉందని నేనే లాక్కున్నాను. పుస్తకాలు ఎంత కొత్తగా ఉన్నాయోనని వచ్చినాయన మెచ్చుకున్నాడు. సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు.

ఆ తర్వాత బీరువా తెరిచేశాను. రెండేళ్ళలో పుస్తకాలు పీలికలయ్యాయి, పిల్లలు గడగడా చదివారు, సంజాయిషీ నేనే రాసిచ్చాను. ఆ పిల్ల వరకూ మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పోయిన వారం ఆ కొత్త గదిలో జనంలోంచి ఒకామె మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి పలకరించింది. పేరు చెప్పగానే గుర్తుపట్టాను, ఆ నాలుగో తరగతి పిల్లే. ఆమె ముఖంలో కోపమేమీ లేదు, తెరకేసి చూస్తూ మెల్లిగా అడిగింది.

“శానా బాగుండాది మేడం. పిల్లోళ్ళను ముట్టుకోనిస్తారా?”

చిన్న టీచరమ్మను అడిగి ఆ కవరు నా చేత్తోనే తీశాను. పాప వేలు పెట్టగానే ఒక బొమ్మ, కింద ఒక మాట వచ్చాయి. ఏమని రాసుండాదే అని ఆమె మనవరాలిని అడిగింది. బడులకు ఇప్పుడు అన్నీ వస్తున్నాయి, సంతోషమే. నేను లాక్కున్న ఆ ఒక్క పుస్తకం మాత్రం ఇప్పుడు తెచ్చిచ్చినా ఆమెకు చదవడం రాదు.