అద్దాలాయన పెళ్ళాం చూపు

చూపు ఆనడం లేదంటూ కొట్టుకి ఎవరొచ్చినా అద్దాలాయన నోట ఒకటే మాట: "ఏం కాదు, పవర్ మారింది." తన కుడికన్ను ఎర్రబడి చూపుకి పొగ అడ్డం పడితే తనకి తానూ అదే చెప్పుకున్నాడు మహానుభావుడు. ఒకదాని తర్వాత ఒకటి కొత్త అద్దాలు సానపట్టి పెట్టుకున్నాడు. పొగ ఇసుమంతైనా జరగలేదు.

చివరికి కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆవిడ కంట్లోకి లైటు వేసి చూసి రక్తపరీక్ష చేయించింది. ఫలితం వచ్చాక గది తలుపు దగ్గరగా వేసింది.

"ఇది సిఫిలిస్. సవాయి రోగం. కొందరిలో ఇలా కంట్లో బయటపడుతుంది."

"కంట్లోనా! దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా?"

"రక్తంలో తిరిగేది ఎక్కడికైనా పోతుంది. ఆస్పత్రిలో చేరి ఇంజెక్షన్లు చేయించుకోండి, తగ్గుతుంది. మీ ఆవిడకీ పరీక్ష చెయ్యాలి. ఆలస్యం చేస్తే ఆవిడ చూపు కూడా పోవచ్చు."

సరుకు కొనడానికి పొరుగూరు వెళ్ళినప్పుడు చేసిన వెధవపని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆస్పత్రిలో చేరాడు గానీ, ఇంట్లో మాత్రం "నరం వాచిందట" అన్నాడు. అది నమ్మి పెళ్ళాం పూటపూటా క్యారేజీ మోసింది, పిచ్చిది. ఆయన కంట్లో పొగ విడిపోయింది. ఆమెని పరీక్షకి తీసుకెళ్ళే మాట మాత్రం ఇవాళా రేపూ అంటూ గొంతులోనే నానబెట్టాడు.

ఒకరోజు ఆమే కొట్టుకి వచ్చింది, ఎర్రబడ్డ కన్నుతో.

"ఏమండీ, సూదిలో దారం ఎక్కి చావట్లేదు. అంతా పొగ. మీ నరం వాపు నాకూ అంటుకుందేమిటి?" అని నవ్వింది.

అది ఏ పొగో ఆయనకి తెలుసు. ఇప్పుడైనా నోరు విప్పొచ్చు కదా! అబ్బే! ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద పరీక్ష ఫ్రేమ్ పెట్టి, అద్దం బిళ్ళలు మారుస్తూ పోయాడు.

"ఇది బాగుందా, ఇందాకటిదా?"

"రెండూ ఒకటే. చార్టులో పై పెద్దక్షరం కూడా అలుక్కుపోయింది. పోనీ, మీ డాక్టరమ్మకి చూపిద్దామా?"

డాక్టరమ్మ నోరు విప్పితే ఇక తన కాపురం ఏం కావాలి? గబగబా ఫ్రేమ్ తీసి పక్కన పెట్టాడు.

"వద్దులేవే. ఏం కాదు, పవర్ మారింది."

"మీరు చెప్పాక ఇంక నాకేం బెంగ!" అందామె.

సాయంత్రానికి అద్దాలు తయారయ్యాయి. అవి పెట్టుకుని వీధిలోకి దిగబోతూ, ఆమె మెట్టు కనబడక గోడ తడుముకుంది. ఆయన పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"అంత కంగారెందుకండీ? కొత్త కదా, నాలుగు రోజులు పోతే అలవాటవుతాయి" అని ఆమే ఆయన్ని ఓదార్చింది.