కందిపప్పు డబ్బాలో అవ్వ గాజులు

కోయంబత్తూరు గాంధీపురంలో నేను మొదటిసారి బాడుగకు తీసుకున్న ఇల్లు రెండో అంతస్తులో ఉండేది. అరవనాడులోనే ఉన్న మా ఊరు కంబం నుంచి మా అమ్మ వచ్చింది. తలుపు తట్టి చూసి, కిటికీ కమ్మీలు పట్టుకుని లాగి చూసి, చివరికి సంచిలోంచి మా అవ్వ బంగారు గాజులు తీసింది. ద్రాక్షతోట బాగా కాసిన ఏట అవ్వ చేయించుకున్నవి. అవ్వ పోయాక ఆమె గుర్తుగా మాకు మిగిలింది అవే. పగలంతా ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు గనక, ఊళ్ళో ఇంటికంటే నా ఇల్లే భద్రమని అమ్మ తేల్చేసింది. పగలంతా నేనూ ఆఫీసులోనే ఉంటానన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

దొంగ మొదట చూసేది బీరోనే అని, గాజుల్ని కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టాం. అమ్మ ఊరికి వెళ్ళింది మొదలు రోజూ సాయంత్రం ఫోను. లోపల సిగ్నల్ సరిగ్గా అందదు. మెట్ల మీద నిలబడి గట్టిగా మాట్లాడేదాన్ని.

"గాజులు ఉండాయా పాపా?"

"ఉండాయి మా. పప్పు డబ్బాలోనే, అడుగున."

మా ఇంట్లో రహస్యాలన్నీ తెలుగులోనే. బస్సులో అయినా, బట్టల అంగట్లో బేరం దగ్గరైనా ఇదే పద్ధతి. అరవం ఊరందరిదీ, తెలుగు మా ఒక్క ఇంటిదీ అని నమ్మకం. కోయంబత్తూరులో మాలాంటి తెలుగు ఇళ్ళు వీధి వీధికీ ఉన్నాయని తెలిసినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరోలో బట్టలన్నీ నేల మీద పడున్నాయి. వంటింట్లోకి పరిగెత్తాను. పప్పు డబ్బా లేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. అవ్వ మళ్ళీ పోయినట్టే అనిపించింది.

ఎదురింటి పెద్దావిడ లోపలికి వచ్చింది. అంతవరకూ నాతో అరవం తప్ప మాట్లాడని మనిషి. ఆమె చేతిలో నా డబ్బా.

"తాళం పగిలుండేది చూస్తానే దీన్ని ఎత్తుకోని పోతిని అమ్మిణీ," అంది, తెలుగులో. "ఇది ఎక్కడుండేదో ఈ మెట్లల్లో అందరికీ తెలుసు గదా."

అందరికీ అంటే, కింద ఇస్త్రీ చేసే అన్నకి, పైన మిల్లు సూపర్‌వైజరు ఇంటివాళ్ళకి కూడా. మొత్తం బిల్డింగులోకి వచ్చినవాళ్ళలో తెలుగు రానిది ఆ దొంగకి ఒక్కడికే అని తేలింది.

ఆవిడ డబ్బా నా ఒళ్ళో పెట్టింది. "రోజూ గాజులు ఉండాయి మా అంటావు. తింటిని మా అని ఒకనాడూ అనవే? మీ అమ్మ అడగదా?"

నాకు ఒళ్ళు మండింది. మా అమ్మను అనడానికి ఈవిడెవరు? అంతలో ఫోను మోగింది. మెట్ల మీదికి వెళ్ళాను. ఆవిడ వెనకే వచ్చి తన గుమ్మంలో నిలబడింది.

"గాజులు ఉండాయా?"

"ఉండాయి మా," అని ముక్కు ఎగబీల్చాను.

నేను ఏడ్చినట్టు అమ్మ పసిగట్టింది.

"గాజులు ఉంటే ఉండనీ, పోతే పోనీ. నువ్వెట్లుండావు పాపా?"

"వినపడలేదు మా, మళ్ళీ చెప్పు," అని ఆవిడ గుమ్మం వైపు తిరిగి స్పీకరు పెట్టాను.